చల్లని ఇంజిన్, తడిసిన చెక్క: పాత పడవ కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

నేను ఇప్పటిదాకా మూడు పాత పడవలు కొన్నాను, రెండు అమ్మాను. మొదటిది 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, వెనక గోడకు బయట తగిలించిన 90 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్. కొన్న పదకొండో నెలలో, ఇంజిన్‌ను ఒక్క రంధ్రం పైకి జరిపి బిగిద్దామని కింది బోల్టు విప్పాను. ఆ బెజ్జంలోంచి తుప్పు రంగు నీళ్లు కారడం మొదలైంది. గుడ్డ అడ్డం పెట్టాను. గుడ్డ తడిసి ముద్దయింది గాని ధార ఆగలేదు. స్క్రూడ్రైవర్ లోపలికి పెడితే, గట్టి చెక్క తగలాల్సిన చోట తడిమట్టిలోకి దిగినట్టు దిగిపోయింది.

ఫైబర్‌గ్లాస్ పడవంటే మొత్తం ఫైబరే అనుకునేవాణ్ణి. ఇంజిన్ వేలాడే వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. చాలా పాత పడవల్లో ఆ గోడను రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి కడతారు. బోల్టు చుట్టూ ఉన్న సీలెంటు ఎండి బీటలిస్తే నీళ్లు ఆ సందులోంచి లోపలికి పోతాయి, మళ్లీ బయటికి వచ్చే దారి ఉండదు. చెక్క లోపల్లోపలే కుళ్లుతుంది, పైన ఫైబర్ మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. అలాంటి గోడకు నూట అరవై కిలోలకు పైబడిన ఇంజిన్ వేలాడుతుండగా నా పిల్లలిద్దరినీ ఎక్కించుకుని నడినీళ్లలోకి వెళ్లాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అమ్మినాయనకు ఇది తెలుసనే నా నమ్మకం. కొన్న రోజున బోల్టుల చుట్టూ తెల్లగా కొత్త సీలెంటు పూసి ఉంది. దాన్ని చూసి, బాగా చూసుకున్న పడవ అని సంతోషపడ్డాను. అంత పాత పడవకు ఆ నాలుగు బోల్టుల దగ్గరే కొత్త సీలెంటు ఎందుకు పడిందని అడగాల్సింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత నేనే అమ్మకందారునయ్యాక ఈ గోడకు రెండో పక్క కూడా చూశాను. కొనేవాళ్ల బాధ, అమ్మేవాళ్ల విసుగు రెండూ ఎక్కువగా ఈ అడగని మాటల్లోంచి, చెప్పని మాటల్లోంచే వస్తాయి. కింద రాసిందంతా వాటిని ముందే బయటికి తెచ్చే పద్ధతి.

బయల్దేరే ముందు, ఫోన్‌లోనే

పడవను చూడ్డానికి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చే రోజులే ఎక్కువ. వాటిని తగ్గించాలంటే ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడగండి. కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? ఆఖరిసారి నీళ్లలోకి ఎప్పుడు దించారు? మరమ్మతు బిల్లులు ఏవైనా ఉన్నాయా? పడవ మీద అప్పు ఉందా? వీటిలో రెండో ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. "పోయినేడు బ్రహ్మాండంగా నడిచిందండీ" అన్నారంటే, ఆ తర్వాత ఒక్కసారి కూడా నడవలేదని అర్థం. ఏడాది పాటు కదలని ఇంజిన్‌లో పెట్రోలు చెడి కార్బ్యురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. ఆ పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉంటే అది తేమను పీల్చుకుని, నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరుగా చేరతాయి. నీళ్లు తోడే పంపులోని ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు ఒకే వంపులో గట్టిపడిపోతాయి. అమ్మేమనిషి అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ మీరు చూడబోయేది పోయినేటి ఇంజిన్ కాదు.

చివరగా ఒక్క మాట తప్పకుండా చెప్పండి: "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి." ఇంజిన్ జబ్బులు చాలావరకు అది చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. ఒకసారి నేనూ మా బావమరిదీ మూడు గంటలు ప్రయాణం చేసి ఒక పడవ దగ్గరికి వెళ్లాం. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. మావాడు పక్కకెళ్లి పై కవరు తీసి సిలిండర్ల మీద చెయ్యి పెట్టి, "బావా, వేడిగా ఉంది" అన్నాడు. మేం వచ్చే ముందే దాన్ని అరగంట నడిపి ఉంచారు. ఎందుకని అడిగితే, "సిద్ధంగా ఉంటుందని" అన్నారు. సాయంత్రం దాకా ఆగి చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తే పదకొండుసార్లు తిప్పినా అందుకోలేదు. అప్పటినుంచి ఏ పడవ దగ్గరికి వెళ్లినా నా మొదటి పని ఇంజిన్ మీద చెయ్యి పెట్టడమే.

పడవ ఒడ్డు మీద ఉండగా

ముందు పది అడుగుల దూరంలో నిలబడి పక్కగా చూడండి. ఎండ ఏటవాలుగా పడే వేళయితే మరీ మంచిది. పక్క పలక మీద మెరుపు ఒకచోట వేరుగా, పక్కన వేరుగా ఉంటే అక్కడ మరమ్మతు జరిగింది. మరమ్మతు జరగడం తప్పు కాదు, దాని కథ వినాలి, అంతే.

తర్వాత ట్రాన్సమ్. స్క్రూడ్రైవర్‌ను తిరగేసి ప్లాస్టిక్ పిడితో గోడంతా అడుగడుగూ తట్టండి. బాగున్న చోట టక్ టక్‌మని తేట శబ్దం వస్తుంది. తడిసిన చోట, పొరలు విడిపోయిన చోట శబ్దం మొద్దుబారి డబ్ డబ్‌మంటుంది. ఆ తేడా ఒకసారి విన్న చెవి ఇక మరిచిపోదు. ఆ తర్వాత ఇంజిన్‌ను సగం పైకి ఎత్తి, ఇంజిన్ కింది భాగం మీద చేతుల బరువు వేసి పైకీ కిందికీ మెల్లగా ఊపండి. అదే సమయంలో ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచును కళ్లార్పకుండా చూడాలి. గోడ వంగినా, బోల్టుల దగ్గర తడి చెమర్చినా, మూలల్లో పగుళ్లు నోరు తెరిచినా ఆ బేరం వదిలేయండి. నా మొదటి పడవకు ఈ పరీక్ష చేయడానికి రెండు నిమిషాలు చాలేవి. చేయనందుకు మూడు నెలలు పట్టింది: లోపలి ఫైబర్ పొర కోసి, కుళ్లిన చెక్కంతా ఉలితో గీకి తీసి, కొత్త ప్లైవుడ్ ఎపాక్సీతో అతికించి, మళ్లీ పొరలు వేసుకున్నాను.

పడవలోకి ఎక్కి మడమతో నొక్కుతూ నడవండి. నేల మెత్తగా దిగిందంటే కింద చెక్క పోయింది. చాలా చిన్న పడవల్లో నేల కింద, మునిగిపోకుండా కాపాడే ఫోమ్ నింపి ఉంటుంది. నీళ్లు పీల్చుకోదని చెప్పే ఫోమ్ కూడా ఏళ్ల తరబడి నీళ్లలో నానితే పీల్చుకుంటుంది. లీటరు నీళ్లు కిలో బరువు. వంద లీటర్లు పట్టిందంటే మరో పెద్దమనిషి కంటే ఎక్కువ బరువును ఎప్పుడూ మోస్తున్నట్టే. అనుమానం వస్తే ట్రైలర్‌తో సహా తూకపు వంతెన మీద పెట్టించి, తయారీదారు చెప్పిన బరువుకు ట్రైలరు, ఇంజిన్, పెట్రోలు బరువులు కలిపి పోల్చండి.

ఎప్పుడూ నీళ్లలోనే ఉండే పడవయితే అడుగు భాగాన పొక్కులు చూడాలి. పైపూతలోంచి తేమ లోపలికి ఇంకి, ఫైబర్ పొరల్ని అంటించే రెసిన్‌లోని కొన్ని పదార్థాలతో కలిసి ఆమ్లంగా మారి ఉబ్బుతుంది. పొక్కు చిదిమితే వెనిగర్ లాంటి ఘాటు వాసన వచ్చేది అందుకే. పడవను నీళ్లలోంచి తీసిన వెంటనే ఇవి బాగా కనబడతాయి, వారాల తరబడి ఆరితే అణిగిపోవచ్చు. కాబట్టి "నెలరోజులుగా ఒడ్డునే ఉందండీ, చూడండి ఎంత నునుపుగా ఉందో" అన్న మాటతోనే సరిపెట్టుకోకండి. అక్కడక్కడా చిన్న పొక్కులుంటే నేనైతే భయపడను, బేరంలో మాట్లాడుకుంటాను. ట్రాన్సమ్ కుళ్లితే మాత్రం మాట్లాడను, వెనక్కి వచ్చేస్తాను.

ఇక ఇంజిన్. ప్రొపెల్లర్ తిప్పే గేర్లుండే పెట్టె, అంటే గేర్ కేసు, దాని అడుగున ఉన్న స్క్రూ కొంచెం వదులు చేసి కాస్త నూనె బయటికి రానివ్వండి. నీళ్లు నూనె కంటే బరువు గనుక, రాత్రంతా కదలని ఇంజిన్‌లో మొదటి చుక్కలుగా నీళ్లే పడితే నీళ్లను ఆపే సీలు పోయినట్టు. నూనె పాలలా తెల్లగా ఉన్నా అదే అర్థం. దీనికి అమ్మేమనిషి ఒప్పుకోకపోతే కారణం అడగండి. నాకింతవరకు సరైన కారణం ఎవరూ చెప్పలేదు. ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్, అంటే లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, చూడండి. బ్యాటరీ నిండా ఛార్జి ఉండాలి, వేగం పెంచే థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి, లేకపోతే అంకెలు తప్పొస్తాయి. విడిగా ఒక్కో అంకె ఎంతన్నదాని కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపుంటే మనసు కుదుటపడొచ్చు. కొత్త తరం ఇంజిన్లయితే మెకానిక్ కంప్యూటర్ తగిలించి ఎన్ని గంటలు నడిచిందో, ఎంత వేగం మీద ఎంతసేపు నడిచిందో చదివి చెబుతాడు. డాష్‌బోర్డు మీటర్ మార్చొచ్చు, ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్క మార్చడం అంత తేలిక కాదు.

వైర్ల గురించి ఎక్కువ చెప్పను. డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూడండి. ఇళ్లలో వాడే వైరు, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కనబడితే, కనబడని చోట్ల కూడా అదే చేసి ఉంటారు. పడవలకు వాడాల్సింది సన్నని పోగులతో, తగరం పూత వేసిన రాగి తీగ.

నీళ్లలోకి దించకుండా ఒప్పుకోకండి

నీళ్ల పైపు తగిలించి ఒడ్డు మీద ఇంజిన్ నడిపి చూపిస్తే నడుస్తుందని మాత్రమే తెలుస్తుంది, మోస్తుందో లేదో తెలియదు. నీళ్లలో చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టండి. పక్కనుంచి సన్నని నీటి ధార వెంటనే రావాలి, అది చల్లబరిచే పంపు పనిచేస్తోందన్న గుర్తు. కాసేపు మెల్లగా నడిపాక, దారి ఖాళీగా ఉన్నచోట పూర్తి వేగానికి తీసుకెళ్లండి. ప్రతి ఇంజిన్‌కూ పూర్తి థ్రాటిల్ మీద ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) అందుకోవాలో తయారీదారు ఒక హద్దు ఇస్తాడు, చాలా ఇంజిన్లకు అది 5000, 6000 మధ్య ఉంటుంది. అందుకోలేదంటే ప్రొపెల్లర్ తప్పయినా కావాలి, ఇంజిన్ బలహీనపడైనా ఉండాలి, లేదా పైన చెప్పిన తడి ఫోమ్ బరువైనా కావాలి. చుక్కాని రెండు వైపులా చివరిదాకా తిప్పండి, రివర్స్ వేయండి. ఒడ్డుకు వచ్చాక పడవ అడుగున ఎన్ని నీళ్లు చేరాయో చూడ్డం మరిచిపోకండి. ఎక్కేముందు అక్కడ పొడిగా తుడిచిపెట్టుకుంటేనే ఈ ఆఖరి పరీక్షకు విలువ.

ఇంజిన్ లోపల ఉండే పడవైతే, పడుకునే గది ఉన్న పడవైతే, పడవల్ని తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చే మెరైన్ సర్వేయర్‌ను పెట్టుకోవాల్సిందే. ఆయన్ని మీరే వెతుక్కోండి, డబ్బు మీరే ఇవ్వండి, రిపోర్టు మీ చేతికే రావాలి. అమ్మేవాళ్లు చూపించిన సర్వేయర్ ఎంత మంచివాడైనా నేను పెట్టుకోను. చిన్న అవుట్‌బోర్డ్ పడవకు నా లెక్కలో మంచి మెకానిక్, పైన చెప్పిన స్క్రూడ్రైవర్ చాలు.

కాగితాలు

పడవ వెనక కుడిపక్క పైఅంచు దగ్గర ఒక గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. అమెరికాలో 1972 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు, అక్కడ అది 12 అక్షరాలు. ఐఎస్ఓ 10087 ప్రమాణం పాటించే పడవలకు ముందు దేశం కోడ్ రెండక్షరాలు అదనం. తర్వాతి మూడక్షరాలు తయారీదారువి, 1984 తర్వాత తయారైనవాటికి చిట్టచివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. దీన్ని రిజిస్ట్రేషన్ కాగితంతో ఒక్కో అక్షరం వేలు పెట్టి పోల్చండి. గీతలు పడినా, చుట్టూ రంగు కొత్తగా ఉన్నా ఆగిపోండి. ఇంజిన్‌కు, ట్రైలర్‌కు వేరే నంబర్లుంటాయి, వాటినీ చూడండి. ట్రైలర్ టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది: 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. గాట్లు నిండుగా ఉన్నా వయసైపోయిన టైరు దారిలో పగులుతుంది.

అప్పు సంగతి నా అనుభవంతో చెబుతాను. రెండో పడవ కోసం వెతుకుతున్నప్పుడు ఒకచోట నచ్చి అడ్వాన్సు ఇచ్చేశాను. వారం తర్వాత తెలిసింది, దాని మీద తీరని రుణం ఉందని. రుణం మనిషితో పోదు, పడవతో వస్తుంది. పూర్తి సొమ్ము ఇచ్చుంటే, ఆయన కట్టకపోతే నా పడవను ఎవరో వచ్చి తీసుకెళ్లేవారు. అడ్వాన్సు తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది, రోజూ ఫోను చేయాల్సి వచ్చింది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే కాగితం మీద రాసుకోండి: నీటి పరీక్షలో గాని, తనిఖీలో గాని, హక్కు పత్రాల్లో గాని తేడా వస్తే ఫలానా తేదీలోపు పూర్తి అడ్వాన్సు వాపసు. రుణం ఉన్న పడవే కావాలనుకుంటే, డబ్బు నేరుగా రుణమిచ్చినవాళ్లకే కట్టి, తీరిందన్న పత్రం ఆ కూర్చున్న చోటే తీసుకోండి.

మీరు అమ్మేవాళ్లయితే

కుళ్లు బాగుచేసిన పడవను నాలుగేళ్లు వాడుకుని అమ్మకానికి పెట్టాను. మా ఆవిడ ఒకటే అంది: "మనకు చెప్పనిది మనం చెప్పి అమ్ముదాం." ప్రకటన రెండో వాక్యంలోనే ట్రాన్సమ్ కుళ్లితే మార్చామని రాశాను. కోసినప్పటినుంచి పూత వేసేదాకా తీసిన ఫొటోలన్నీ పెట్టాను. పదకొండు మంది ఫోన్లు చేశారు. చాలామంది కుళ్లు అన్న మాట దగ్గరే ఆగిపోయారు. ఎంత గట్టిగా కట్టానో వినే ఓపిక వాళ్లకు లేదు. అది బాధించింది, మూడు నెలల కష్టం గనుక. అయినా ఈ పద్ధతి మార్చుకోను. చెప్పకుండా పిలిపిస్తే వాళ్ల ఆదివారం, నా ఆదివారం రెండూ పోయేవి.

ధర పెట్టేముందు అలాంటి పడవల ప్రకటనలు నెలరోజులు గమనించండి. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ప్రకటన ఎన్నాళ్లు కదలకుండా ఉందో చూస్తే రెండోదాని ఆచూకీ తెలుస్తుంది. మీరు బిగించుకున్న జీపీఎస్, చేపల్ని చూపించే సోనార్ మీద పెట్టిన డబ్బు తిరిగిరాదు. నాకూ మింగుడుపడలేదు గాని నిజం అదే. కొత్త పరికరాలు కొనే బదులు ఇంపెల్లర్ మార్చి, గేర్ ఆయిల్ మార్చి, బిల్లులు ఒక కవర్లో పెట్టండి. ఫొటోలు పగటి వెలుగులో తీయండి. పగుళ్లవీ, మరకలవీ దగ్గర్నుంచి తీసి పెట్టండి.

"ఇంకా ఉందా?" అని, "ఆఖరి రేటెంత?" అని వచ్చే సందేశాలకు కోపం తెచ్చుకోకండి. చూడకుండా ఆఖరి రేటు చెప్పకండి కూడా. వస్తానన్నవాళ్లను ఆ ఉదయమే ఒకసారి ఫోన్ చేసి బయల్దేరమనండి. ఈ ఒక్క అలవాటు నాకు ఎన్నో ఎదురుచూపులు తప్పించింది. షికారు కోసం నీటి పరీక్ష అడిగేవాళ్లు ఉంటారు. ముందు ధర ఒప్పుకుని, అడ్వాన్సు ఇచ్చి, పైన చెప్పినట్టు కాగితం రాసుకున్నాకే పడవను దించండి. నడిపేది మీరే కావాలి, కాసేపయ్యాక వాళ్ల చేతికివ్వండి. చూడకుండానే కొంటామని, ధర కంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది రవాణా మనిషికి ఇచ్చేయమనేవాళ్లకు జవాబివ్వకండి. ఆ చెక్కు తర్వాత తిరిగొస్తుంది, మీరిచ్చిన డబ్బు తిరిగిరాదు.

పన్నెండో ఫోన్ ఒకావిడ చేశారు. "ఇంజిన్ ముట్టుకోకండి, నేను వస్తున్నాను" అన్నారు. వచ్చి, ముందు చెయ్యి పెట్టి చూశారు, తర్వాత బ్యాగులోంచి చిన్న సుత్తి తీసి ట్రాన్సమ్ తట్టడం మొదలుపెట్టారు. నేను దూరంగా నిలబడ్డాను. ఆ టక్ టక్ శబ్దం గోడ ఒక చివరినుంచి రెండో చివరిదాకా ఒకేలా వినబడుతుంటే నా గొంతులో ఏదో అడ్డుపడింది. గంటన్నర చూశారు. చుక్కాని కేబుల్ బిగుతుగా ఉందని పట్టుకున్నారు, నేను గమనించనే లేదు. దానికి ధర తగ్గించాను.

అప్పగించే రోజున అమ్మకపు పత్రం రెండు ప్రతులు రాసుకోండి. పడవ, ఇంజిన్, ట్రైలర్ నంబర్లు మూడూ, తేదీ, చేతులు మారిన గంట, చెప్పుకున్న లోపాలు అందులో ఉండాలి. బ్యాంకులో డబ్బు నిజంగా జమ అయ్యాకే తాళాలివ్వండి. రిజిస్ట్రేషన్ వాళ్ల పేరుకు మారిందన్న రుజువు వచ్చేదాకా మీ బీమా రద్దు చేసుకోకండి. ఆవిడకు నా మరమ్మతుల పుస్తకం, బిల్లుల కవరు, అడుగున నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే అదనపు బిరడా ఇచ్చాను. బిరడా బిగించకుండా పడవను నీళ్లలోకి దించేవాళ్లను చూశాను గనుక దాన్ని తాళాల గుత్తికే కట్టి ఇచ్చాను.